జామ వేర్లలో బుడిపెలు: తప్పు పురుగు జన్యువులదా, చెట్టు జన్యువులదా?

ముందు మీరు అడిగింది ఇక్కడ రాస్తాను, మిగతావాళ్లకూ అర్థమవుతుంది. చేవెళ్ల దగ్గర ఎర్ర చెల్క నేలలో నాలుగేళ్ల కింద రెండెకరాల తైవాన్ జామ పెట్టారు. నిరుటి ఎండాకాలం నుంచి ఆకు పసుపెక్కుతోంది, అంచులు ఇటుక రంగుకు మారుతున్నాయి, కాయ నిమ్మకాయంతే ఆగిపోతోంది, ఒక్కో చెట్టు నిలువునా ఎండిపోతోంది. తవ్వి చూస్తే వేర్ల నిండా బుడిపెలు. మందుల షాపులో ఇచ్చింది రెండుసార్లు పోసినా ఫలితం లేదు. కంటికి ఆనని పురుగు ఇంత చెట్టును ఎలా చంపుతుంది, దాని జన్యువుల్లో అంత ఏముంది, జన్యుపరీక్ష చేయించి తట్టుకునే మొక్క తెచ్చుకోవచ్చా అని అడిగారు.

ముప్పై ఏళ్లు రాజేంద్రనగర్‌లో ఈ వేర్లనే సూక్ష్మదర్శిని కింద పెట్టుకుని కూర్చున్నవాణ్ణి. మీ ఫొటోలో బుడిపెలు ఒకదానిమీద ఒకటి పేరుకుని, సన్నని పీచు వేరంటూ మిగలకుండా అల్లం కొమ్ముల్లా ఉన్నాయి. అది వేరుబుడిపె నులిపురుగే (నెమటోడ్, అంటే నేలలో ఉండి వేర్లను పట్టే దారంలాంటి సూక్ష్మ పురుగు), సందేహం అక్కర్లేదు. ఏ జాతి అన్నది మాత్రం ఫొటో చూసి చెప్పలేం. మీ విషయంలో ఆ జాతి పేరే ముఖ్యం. ఎందుకో కిందికి వచ్చాక చెబుతాను.

మొదటి ప్రశ్న. ఈ పురుగు వేరును కొరికి తినదు. వేరుపురుగు, చెదలు చేసే పని వేరు, ఇది చేసే పని వేరు. గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు అర మిల్లీమీటరు పొడవు కూడా ఉండదు. వేరు కొన దగ్గర దూరి, కణాల మధ్య సందుల్లోంచి పాకుతూ, నీళ్లూ ఆహారమూ పారే నాళాల దగ్గరికి చేరుతుంది. అక్కడ ఓ అరడజను కణాలను ఎంచుకుని, నోట్లో ఉండే బోలు సూదితో వాటిలోకి ఉమ్మి వదులుతుంది. ఇక అక్కణ్ణుంచి కదలదు. మిగతా బతుకంతా ఆ చోటే.

ఆ ఉమ్మి తగిలిన కణాలకు ఏమవుతుందో చూడండి. మామూలుగా కణంలో కేంద్రకం రెండయ్యాక మధ్యలో గోడ లేచి రెండు కణాలవుతాయి. ఇక్కడ కేంద్రకం రెండవుతుంది, నాలుగవుతుంది, ఎనిమిదవుతుంది, గోడ మాత్రం లేవదు. చివరికి ఒక్కో కణంలో వంద దాకా కేంద్రకాలు చేరతాయి. కణం వందల రెట్లు ఉబ్బుతుంది. వీటిని రాక్షస కణాలంటాం. చెట్టు పైన ఆకులో వండుకున్న చక్కెర కాయకు పోవాల్సింది పోయి వీటిలోకి దిగుతుంది. పురుగు అక్కడే కూర్చుని పీల్చుకుంటుంది. చుట్టుపక్కల కణాలు కూడా అదే పనిగా పెరిగితే మనకు పైకి కనిపించే బుడిపె అవుతుంది.

విద్యార్థులకు నేను ఎప్పుడూ చూపించేది ఒకటుంది. బుడిపెను కడిగి, నీటిచుక్కలో పెట్టి, రెండు సూదులతో మెల్లగా చీల్చాలి. లోపల తెల్లగా, ముత్యంలా మెరుస్తూ, కడవ ఆకారంలో ఆడపురుగు కనిపిస్తుంది. గసగసాల గింజకన్నా చిన్నది. సన్నని మెడ మాత్రం నాళాల్లో దిగబడి ఉంటుంది. లాగితే మెడ తెగుతుంది గానీ ఊడి రాదు. వెనకవైపు గోధుమరంగు జిగురు ముద్ద ఉంటుంది, అందులో నాలుగైదు వందల గుడ్లు. మన వేడికి గుడ్డు నుంచి గుడ్డు వరకు నెల రోజులు చాలు. ఇంత జరుగుతున్నా నేలపైన చెట్టు పచ్చగానే ఉంటుంది. అందుకే రైతుకు తెలిసేసరికి ఏళ్లు గడిచిపోతాయి.

ఆ రాక్షస కణాన్ని కట్టింది పురుగు కాదు, చెట్టే. కణాన్ని విభజించమనే జన్యువులు చెట్టువి. గోడలను సాగదీసే జన్యువులు చెట్టువి. చక్కెరను మోసుకొచ్చే ప్రోటీన్ల జన్యువులూ చెట్టువే. మామూలుగా అవి వేరు కొన పెరిగేటప్పుడో, కాయ కాసేటప్పుడో పనిచేయాలి. పురుగు ఉమ్మిలోని ప్రోటీన్లు వాటిని వేళ కాని వేళలో, చోటు కాని చోట మేల్కొలుపుతాయి. పైన శీర్షికలోని ప్రశ్నకు నా జవాబు ఇదే: తాళంచెవి పురుగుది, ఇల్లు చెట్టుది. ఏ ఒక్కదాని జన్యువులు చూసినా రోగం సగమే అర్థమవుతుంది.

ఈ తాళంచెవులు దానికి ఎక్కడివి? నా ఉద్యోగ జీవితంలో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచిన సంగతి ఇది, కాబట్టి కాస్త ఆగి చెబుతాను. మొక్క కణం గోడ సెల్యులోజ్. దాన్ని కరిగించే ఎంజైమ్ జంతువులకు సొంతంగా ఉండదని మేం చదువుకున్నాం. ఆవు గడ్డి అరిగించుకునేది కూడా కడుపులో ఉండే సూక్ష్మజీవుల పుణ్యమే. అలాంటిది 1998లో బంగాళాదుంప, సోయా వేర్లను పీల్చే తిత్తి నులిపురుగుల్లో ఆ ఎంజైమ్ దొరికింది. పొట్టలోని సూక్ష్మజీవులది కాదు, పురుగు సొంత డిఎన్ఏలోనే ఆ జన్యువు ఉంది. పోల్చి చూస్తే అది బ్యాక్టీరియా జన్యువుకు దగ్గరి చుట్టం. అంటే ఎప్పుడో చాలా పూర్వం నేలలో పక్కపక్కన బతుకుతూ, ఈ పురుగుల పూర్వీకులు బ్యాక్టీరియా నుంచి ఆ జన్యువును తెచ్చుకుని తమ వంశంలో కలిపేసుకున్నాయి. తల్లి నుంచి బిడ్డకు కాదు, పొరుగింటి నుంచి మన ఇంటికి వచ్చిన ఆస్తి అన్నమాట. తర్వాత 2008లో వేరుబుడిపె నులిపురుగుల్లో ఇన్‌కాగ్నిటా అనే జాతి జన్యుక్రమం మొత్తం వచ్చింది. అందులో సెల్యులోజ్‌ను, కణాలను అతికించి ఉంచే పెక్టిన్‌ను కరిగించే ఇలాంటి జన్యువులు గుంపులు గుంపులుగా బయటపడ్డాయి.

దేవదారు కుటుంబానికి చెందిన పైన్ చెట్లను చంపే నులిపురుగు కథ ఇంకా వింత. దాని పేరు బర్సఫెలెంకస్ జైలోఫిలస్. పుట్టిల్లు ఉత్తర అమెరికా. అక్కడి పైన్ చెట్లకు దాంతో పెద్ద బాధ లేదు, తరతరాలుగా కలిసి బతికాయి. అదే పురుగు జపాన్ చేరాక అక్కడి నల్ల పైన్, ఎర్ర పైన్ అడవులు ఎండిపోయాయి. చెట్లు చావడం 20వ శతాబ్దం మొదట్లోనే గమనించినా, కారణం ఈ పురుగేనని తేలింది మాత్రం 1971లో. ఒక కొమ్ముల పెంకుపురుగు దీన్ని చెట్టు నుంచి చెట్టుకు మోస్తుంది. 1999లో పోర్చుగల్‌లోనూ దొరికింది. ఇది రాక్షస కణాలు కట్టించదు. చెట్టు లోపల తిరుగుతూ జిగురు నాళాల కణాలను తింటుంది, నీరు పైకి ఎక్కే దారులు గాలి బుడగలతో తెగిపోతాయి, ఒక్క ఎండాకాలంలోనే చెట్టు ఎర్రబడిపోతుంది. దీనికీ సెల్యులోజ్ కరిగించే జన్యువుంది. కానీ అది బ్యాక్టీరియాది కాదు, శిలీంధ్రాలది. ఎందుకంటే ఈ పురుగు చచ్చిన కట్టెలో శిలీంధ్రాన్ని తిని కూడా బతకగలదు. ఒకే పని చేసే ఆయుధాన్ని రెండు పురుగు వంశాలు రెండు వేర్వేరు ఇళ్ల నుంచి తెచ్చుకున్నాయి. 2011లో దీని జన్యుక్రమం వచ్చాక ఈ సంగతి మరింత బలపడింది. ఒకే జాతి చెట్టు మీద కొన్ని చోట్ల తెచ్చిన పురుగులు చంపుతాయి, కొన్ని చంపవు. అది పురుగు వైపు తేడా. ఒకే పురుగుకు అమెరికా పైన్ నిలుస్తుంది, జపాన్ పైన్ పడిపోతుంది. అది చెట్టు వైపు తేడా. నేను పైన చెప్పిన తాళంచెవి, ఇల్లు మాట ఈ రోగంలో ఇంత స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక మీ తోట. నులిపురుగు ఒక్కటే జామను నిలువునా ఎండబెట్టడం తక్కువ. బుడిపె కట్టిన వేరు చక్కెరతో నిండి, పగుళ్లిచ్చి, మెత్తబడి ఉంటుంది. నేలలో ఉండే ఫ్యుజేరియం శిలీంధ్రానికి అది తెరిచిన తలుపు. బ్రెజిల్ జామ తోటల్లో ఇదే జరిగింది. అక్కడ మెలాయిడోగైన్ ఎంటరోలోబీ అనే వేరుబుడిపె నులిపురుగు, ఫ్యుజేరియం సొలానీ కలిసి తోటలకు తోటలను ఊడ్చేశాయి. పురుగు లేని వేరును ఆ శిలీంధ్రం ఒంటరిగా అంత దెబ్బ కొట్టలేకపోయింది. మీ చెట్టు వేరును చాకుతో చీల్చి చూడండి. బుడిపె తెల్లగా గట్టిగా ఉంటే పురుగు దశలోనే ఉన్నట్టు. లోపల గోధుమ చారలు, కుళ్లు వాసన, తోలు చేత్తో లాగితే ఊడిరావడం ఉంటే శిలీంధ్రం దిగిపోయినట్టే. రెండో రకం చెట్టుకు ఏ మందు పోసినా డబ్బు దండగ, ఈ మాట ఎవరూ మీకు చెప్పకపోవడం నాకు బాధగా ఉంది.

ఎంటరోలోబీ పేరు వచ్చింది కాబట్టి జాతి ఎందుకు ముఖ్యమో ఇక్కడ చెబుతాను. దీన్ని 1983లో చైనా హైనాన్ దీవిలో ఒక చెట్టు వేర్లలో గుర్తించి పేరు పెట్టారు. ఆ చెట్టు పేరే దీనికీ వచ్చింది. మన దేశంలో జామ మీద మొదట తమిళనాడులో తేలింది, తర్వాత మరికొన్ని రాష్ట్రాల్లోనూ కనిపించింది. దూరం పోయింది ఎక్కువగా నర్సరీ మొక్కల సంచుల్లోనే. మామూలు ఇన్‌కాగ్నిటా జామను ఇబ్బంది పెడుతుంది, ఎంటరోలోబీ కూలదోస్తుంది.

ఈ రెండు జాతులకూ ఒక లక్షణం ఉమ్మడి. మగపురుగు అవసరం లేదు. తల్లి తనలాంటి పిల్లలనే పెడుతుంది. అంటే నర్సరీ సంచిలో ఒక్క పిల్లపురుగు ఉన్నా చాలు, జత వెతుక్కునే పని లేదు, నాలుగేళ్లలో మీ రెండెకరాలు దాని వంశమే. సంచికి పది పురుగులే ఉన్నాయి, ఫర్వాలేదనే మాట నర్సరీల్లో విన్నాను. ఈ పురుగు విషయంలో ఆ మాటకు అర్థం లేదు.

మగ, ఆడ కలయిక లేకపోతే జన్యువులు కలగాపులగం కావు కదా, అలాంటప్పుడు కొత్త మొక్కకు, కొత్త నేలకు ఎలా అలవాటు పడుతుంది అని మీకు అనుమానం రావాలి. మాకూ వచ్చింది. జన్యుక్రమాలు చూశాక కొంత జవాబు దొరికింది. ఇన్‌కాగ్నిటా పాతకాలపు సంకరం. వేర్వేరు పూర్వీకుల జన్యువులు రెండు మూడు ప్రతులుగా ఒకే పురుగులో ఉన్నాయి. ఒక ప్రతి పాత పని చేస్తుంటే ఇంకొకటి మారిపోవచ్చు, పోగొట్టుకున్నా నష్టం లేదు. తట్టుకునే టమాటా మీద తరాల తరబడి పెంచితే, దాన్ని జయించే పురుగులు తయారయ్యాయి. అలాంటివాటిలో కొన్ని జన్యువుల ప్రతులు తగ్గిపోయి ఉన్నాయి. చెట్టు కావలి గుర్తుపట్టే ప్రోటీనును వదిలేసుకోవడం కూడా పురుగుకు ఒక ఎత్తే.

ఆ కావలి గురించి చెబితే మీ మూడో ప్రశ్నకు వస్తాం. టమాటాలో ఎంఐ అనే జన్యువుంది. అడవి టమాటా నుంచి తెచ్చారు, 1998లో దాని డిఎన్ఏ విడదీశారు. అది తయారుచేసే ప్రోటీను వేరు కణంలో కాపలా ఉంటుంది. పురుగు సూది గుచ్చగానే పసిగట్టి, ఆ చుట్టుపక్కల కణాలను చంపేస్తుంది. రాక్షస కణం కట్టడానికి బతికున్న కణం దొరక్క పురుగు ఆకలితో పోతుంది. చాలా గొప్ప ఏర్పాటు. కానీ నేల వేడి 28 డిగ్రీలు దాటితే ఈ కావలి నిద్రపోతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల ఏప్రిల్, మే నెలల్లో వేరున్న లోతులో వేడి ఎంత ఉంటుందో మీకు తెలుసు. ఇంకా ఘోరం, ఎంటరోలోబీని ఈ జన్యువు చల్లని నేలలో కూడా ఆపలేదు.

టమాటా నాలుగు నెలల పంట. జామ పదిహేను, ఇరవై ఏళ్లు ఒకే గోతిలో నిలబడాలి. ఏడాదికి పది తరాల లెక్కన వేసుకున్నా ఇరవై ఏళ్లలో రెండు వందల తరాల పురుగులు ఆ వేరు మీద తమ తాళంచెవులు పరీక్షించుకుంటాయి. అందుకే చెట్టుకు కావాల్సిన నిరోధకం మరో రకం. అలాంటిది ఉంది కూడా. మైరోబలాన్ అనే ప్లమ్ జాతిలో ఎంఏ అనే జన్యువు దొరికింది, 2011లో దాని నిర్మాణం వివరంగా తెలిసింది. అది కూడా కావలి ప్రోటీనే, కానీ తోక భాగం చాలా పొడవు, ఒకే ముక్క మళ్లీ మళ్లీ వచ్చినట్టు ఉంటుంది. ఎంటరోలోబీతో సహా పరీక్షించిన వేరుబుడిపె జాతులన్నిటినీ ఆపింది, వేడికీ లొంగలేదు. ఐరోపాలో పీచ్, ప్లమ్ తోటలకు వేరుమూలాలు (పైన అంటు కట్టడానికి అడుగున వాడే వేరు మొక్కలు) పెంచేవాళ్లు దాన్ని వాడుకుంటున్నారు.

జపాన్‌వాళ్లు ఇంకో దారి పట్టారు, నాకు ఎంతో నచ్చిన పని అది. 1978లో మొదలుపెట్టి, పురుగు ఊడ్చేసిన అడవుల్లో బతికి మిగిలిన పైన్ చెట్లను వెతికారు. వాటినుంచి మొక్కలు చేసి, మళ్లీ పురుగు ఎక్కించి పరీక్షించి, ఎర్ర పైన్‌లో 92, నల్ల పైన్‌లో 16 చెట్లను ఎంచుకున్నారు. జన్యువు పేరు తెలియకుండానే చేసిన జన్యు ఎంపిక అది. మీ తోటలోనూ చచ్చిన చెట్ల మధ్య పచ్చగా నిలిచిన చెట్టుంటే దానికి రిబ్బను కట్టి ఉంచండి. అది తప్పించుకున్న చెట్టే కావచ్చు, తట్టుకున్న చెట్టు కూడా కావచ్చు. తవ్వి, బుడిపెలు లేకపోతే నాకు తప్పక రాయండి.

జామకు ఎంఏ లాంటి జన్యువు చేతిలో లేదు. జామ మొక్క డిఎన్ఏ పరీక్ష చేసి ఇది నులిపురుగుకు తట్టుకుంటుంది అని చెప్పే పరీక్ష మన మార్కెట్లో ఎవరైనా అమ్మితే నమ్మకండి. ఉన్న ఆశ జామ బంధువుల్లో. స్ట్రాబెర్రీ జామ, కోస్టారికా జామ అనే అడవి జాతులు ఎంటరోలోబీని తట్టుకుంటాయి. చిక్కంతా వాటి మీద మన జామ అంటు సరిగా అతకకపోవడమే. బ్రెజిల్ ప్రభుత్వ సంస్థ ఎంబ్రాపా మామూలు జామను మరో అడవి జాతితో కలిపి బీఆర్ఎస్ గ్వారాసా అనే వేరుమూలం విడుదల చేసింది. అది ఎంటరోలోబీకి నిలుస్తుంది, జామ అంటూ అతుకుతుంది. మన లక్నో ఉద్యాన సంస్థ కూడా జామ బంధువైన సిడియం మోల్లెను, జామను కలిపి ఎండు తెగులు కోసం ఒక సంకర వేరుమూలం చేసింది. అది నులిపురుగుకూ ఆగుతుందని నర్సరీవాళ్లు చెబితే ఏ పరీక్ష, ఎక్కడ, ఏ జాతి పురుగు మీద అని అడగండి. పురుగు ఉమ్మి జన్యువులను నోరు మూయించే ఆర్ఎన్ఏ పద్ధతి 2006లోనే ప్రయోగశాల మొక్కలో బాగా పనిచేసింది, కానీ జామ రైతు చేతికి రాలేదు. దాన్ని చూసుకుని ఈ ఏడు నిర్ణయం చేయొద్దు.

కాబట్టి మీరు ఇప్పుడు జన్యుపరీక్షకు డబ్బు పెట్టాలంటే మొక్కకు కాదు, పురుగుకు పెట్టండి. సూక్ష్మదర్శినిలో ఎంటరోలోబీ, ఇన్‌కాగ్నిటా దాదాపు ఒకేలా కనిపిస్తాయి, అనుభవమున్నవాళ్లే తప్పు చేస్తారు. డిఎన్ఏ పరీక్షలో ఒక్క రోజులో తేలుతుంది. ఇన్‌కాగ్నిటా అని వస్తే, కుళ్లు దిగని చెట్లను కాపాడుకోవచ్చు. పాదుల్లో వేపపిండి, పశువుల ఎరువులో పెంచిన పర్ప్యురియోసిలియం, ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రాలు, చెట్ల మధ్య ఎండాకాలంలో ఆరిపోని తడి. ఇవి పురుగును చంపేయవు, కొత్త పీచు వేరు పుట్టడానికి వ్యవధి ఇస్తాయి. ఎంటరోలోబీ అని వస్తే ఎండిన చెట్లను వేర్లతో సహా తీసి కాల్చండి, ఆ గోతుల్లో మళ్లీ జామ పెట్టకండి. టమాటా, వంకాయ, మిరప అంతరపంటగా అసలే వద్దు, అవన్నీ దానికి విందు. మేలో ఆ గోతులు తడిపి, పలుచటి పారదర్శక పాలిథిన్ షీటు కప్పి అంచులు మట్టితో మూసి ఐదారు వారాలు వదిలేయండి. మన ఎండ ఈ ఒక్క పనికి మనవైపు ఉంటుంది. ఒక తోటలో వాడిన పార, ట్రాక్టరు గొర్రు కడగకుండా రెండో మడిలోకి దించొద్దు.

కొత్త మొక్కలు కొనేటప్పుడు ప్రతి వందలో ఐదు సంచులు చింపి, బకెట్ నీళ్లలో మట్టి వదిలించి వేర్లు చూడండి. చింపనివ్వను అనే నర్సరీలో కొనకండి. మొయినాబాద్ దగ్గర ఒక రైతు ఇలా చూడకుండా ఆరు వందల మొక్కలు దించుకున్నాడు. నేను వెళ్లేసరికి మూడో ఏడు. మిగిలిన సంచులు గట్టు మీదే పడి ఉన్నాయి, చింపి చూస్తే నాటకముందు నుంచే బుడిపెలున్నాయి. ఆయన అరగంట ఏం మాట్లాడలేదు.

నమూనా ఇలా తీయండి. పూర్తిగా ఎండిన చెట్టు వద్దు, అందులో పురుగు మిగలదు. సగం పసుపెక్కిన చెట్లు ఎనిమిది, పది ఎంచుకుని, డ్రిప్పర్ దగ్గర పై మట్టి గీకేసి, జానెడు లోతు నుంచి మట్టి, పెన్సిల్ కన్నా సన్నని వేర్లు తీయండి. అన్నీ కలిపి అర కిలో మట్టి, గుప్పెడు వేర్లు మందపాటి పాలిథిన్ కవర్లో వేసి మూతి కట్టండి. నీళ్లు పోయొద్దు, ఆరబెట్టొద్దు, కారు డిక్కీలో ఎండకు వదలొద్దు, ఫ్రీజర్‌లో పెట్టొద్దు. పురుగు బతికి ఉంటేనే మాకు పని. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయంవాళ్లకు, జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థవాళ్లకు ముందు ఫోన్ చేసి, "వేరుబుడిపె నులిపురుగు, జాతి నిర్ధారణ డిఎన్ఏతో కావాలి" అని ఈ మాటల్లోనే అడగండి. ఉత్తగా నులిపురుగు పరీక్ష అంటే మట్టిలో ఎన్ని ఉన్నాయో లెక్క మాత్రమే ఇస్తారు. రిపోర్టు వచ్చాక చీల్చిన వేరు ఫొటోతో కలిపి ఇక్కడే పెట్టండి, ఏ చెట్టు ఉంచాలో ఏది తీయాలో వరుసవారీగా చూద్దాం.